లెక్కకు అందని తిమింగలాలు: అలస్కా తీరంలో ఒక సర్వే ఎలా మారింది

అడవి జంతువుల సర్వేలకు డిజైన్ వేయడం, ఆ సర్వేలు చేసే సిబ్బందికి ట్రైనింగ్ ఇవ్వడం నా పని. ఏ ట్రైనింగులోనైనా 'స్థానికుల పరిజ్ఞానాన్ని కలుపుకుపోవాలి' అనే స్లైడ్ ఒకటి ఎలాగూ ఉంటుంది. అందరూ తలలూపి తర్వాతి స్లైడ్‌కు వెళ్లిపోతారు. ఆ మాటను నిజంగా పాటిస్తే సర్వేలో ఏం మారుతుంది, ఎంతకాలం పడుతుంది, ఖర్చెవరు పెట్టుకుంటారు అని అడిగేవాళ్లకు నేను ఉత్తర అలస్కాలోని బోహెడ్ తిమింగలాల కేసు చెబుతాను. నేను ఆ మంచు మీద నిలబడినవాణ్ణి కాదు. తిమింగలాల వేటకు నియమాలు పెట్టే అంతర్జాతీయ కమిషన్ నిర్ణయాలు, శాస్త్రవేత్తల పత్రాలు, వేటగాళ్ల సంఘం చరిత్ర చదివి, నా పనికి పనికొచ్చే కోణంలో దీన్ని తయారు చేసుకున్నాను. కాబట్టి ఇందులో అభిప్రాయాలు నావి. వాటితో గొడవపడే హక్కు మీది.

1977లో ఏం జరిగిందంటే

ఆ ఏడాది జూన్‌లో ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెరాలో అంతర్జాతీయ తిమింగల కమిషన్ సమావేశమైంది. బోహెడ్ తిమింగలాలను వ్యాపారం కోసం వేటాడటం మీద అప్పటికే ఎప్పటినుంచో నిషేధం ఉంది. తిండి కోసం వేటాడే ఆదివాసులకు మాత్రం మినహాయింపు ఉండేది. ఆ సమావేశంలో మినహాయింపును తీసేశారు. అంటే వచ్చే ఏడాది నుంచి ఒక్క తిమింగలాన్ని కూడా ముట్టుకోకూడదు.

ఈ నిర్ణయం వెనక రెండు అంకెలున్నాయి. బేరింగ్, చుక్చీ, బోఫర్ట్ సముద్రాల మధ్య తిరిగే బోహెడ్లు 600 నుంచి 2,000 లోపే మిగిలి ఉంటాయన్నది మొదటి అంకె. ఇక రెండోది వేటలో జరుగుతున్న నష్టం. 1977లో వందకు పైగా తిమింగలాలకు దెబ్బ తగిలితే, ఒడ్డుకు చేరినవి 29 మాత్రమే. మిగతావి గాయాలతో తప్పించుకున్నాయి, లేదా మంచు కిందికి పోయి చచ్చాయి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసిన ఎవరికైనా భయం వేస్తుంది. కమిషన్ శాస్త్రవేత్తలకూ వేసింది. వాళ్లను దుర్మార్గులుగా చూపిస్తూ ఈ కథ చెప్పేవాళ్లున్నారు కానీ, ఆ రోజు చేతిలో ఉన్న సమాచారంతో నేనైనా అలాగే రాసేవాణ్ణేమో.

భయానికి పాత కారణం కూడా ఉంది. 1848లో థామస్ రాయిస్ అనే అమెరికన్ కెప్టెన్ 'సుపీరియర్' అనే ఓడతో బేరింగ్ జలసంధి దాటి ఉత్తరానికి వెళ్లాడు. అక్కడ బోహెడ్లు కుప్పలుతెప్పలుగా ఉన్నాయన్న వార్త పాకింది. దీపాలకు నూనె, ఆడవాళ్ల నడుం బిగించే కోర్సెట్లకు తిమింగలం నోటిలో వేలాడే, వంగే పలకలు, అంటే బలీన్ కావాలి. ఆ తర్వాతి అరవై డెబ్బై ఏళ్లలో వేల తిమింగలాలు ఓడలకెక్కాయి. 20వ శతాబ్దం మొదట్లో బలీన్‌కు గిరాకీ పడిపోయాకే ఆ వేట ఆగింది. మిగిలినవి ఎన్నో ఎవరూ లెక్కపెట్టలేదు. తక్కువే ఉంటాయని అందరూ అనుకున్నారు. 1977 నాటి అంకెలో ఈ అనుకోలు చాలా ఉంది.

ఉత్తర అలస్కా ఆదివాసులైన ఇనుపియాట్ల ఊళ్లలో ఈ వార్త పిడుగులా పడింది. తీరం వెంట ఉన్న ఆ ఊళ్లలో బోహెడ్ అంటే మాంసం ఒక్కటే కాదు. ఎవరి పడవ, ఎవరి జట్టు, వాటాలు ఎలా పంచాలి, జూన్‌లో జరిగే నలుకతక్ పండుగలో ఎవరు ఎవరికి వడ్డించాలి, అన్నీ దాని చుట్టూనే. వేట కెప్టెన్‌ను ఉమియాలిక్ అంటారు. ఊళ్లో పెద్దరికమంతా వాళ్లది. పెద్ద తిమింగలం ఒక్కటి పడితే ఊరంతటికీ నెలల తరబడి తిండి. దుకాణానికి సరుకు విమానంలోనో, వేసవిలో వచ్చే బార్జ్ మీదో రావాల్సిన చోట దాని విలువ ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

వాళ్లు మూడు పనులు ఒకేసారి చేశారు. తొమ్మిది ఊళ్ల కెప్టెన్లు కలిసి 1977లోనే అలస్కా ఎస్కిమో వేలింగ్ కమిషన్‌ను పెట్టుకున్నారు. ఇప్పుడు అందులో పదకొండు ఊళ్లున్నాయి. అమెరికా ప్రభుత్వం ఈ నిర్ణయానికి అభ్యంతరం చెప్పేలా చూడమని కోర్టుకెక్కారు, అక్కడ ఓడిపోయారు. అమెరికా అప్పటికే ప్రపంచమంతటా తిమింగలాల వేట ఆపించాలని ముందుండి పోరాడుతోంది. తన సొంత ఆదివాసుల కోసం అభ్యంతరం పెడితే రేపు జపాన్, సోవియట్ యూనియన్ అదే దారి పడతాయని దాని టెన్షన్. మూడోది బేరం. డిసెంబరులో టోక్యోలో జరిగిన ప్రత్యేక సమావేశంలో 1978కి ఒక చిన్న కోటా దక్కింది: 12 తిమింగలాలు ఒడ్డుకు చేర్చుకోవచ్చు, లేదా 18 దెబ్బలు (ఆయుధం తగిలిన ప్రతి తిమింగలం, ఒడ్డుకు చేరినా చేరకున్నా, ఒక దెబ్బ), ఏది ముందు పూర్తయితే అక్కడితో ఆపాలి.

తొమ్మిది ఊళ్లకు పన్నెండు. కొన్ని ఊళ్లకు వాటాగా ఒక్కటే.

దిబ్బ మీద నుంచి లెక్క

సర్వే చేసేవాళ్లకు ఈ కేసులో అసలు సరుకు ఇక్కడ మొదలవుతుంది. కోటా పెరగాలంటే సంఖ్య తెలియాలి. సంఖ్య తెలియాలంటే లెక్కపెట్టాలి. బోహెడ్లు శీతాకాలం బేరింగ్ సముద్రంలో గడిపి, ఏప్రిల్, మే నెలల్లో ఉత్తరానికి బయలుదేరి, పాయింట్ బారో మొన చుట్టి తూర్పుకు పోతాయి. ఆ కాలంలో తీరానికి అంటుకుని గట్టిగా ఉండే మంచుకూ, సముద్రంలో కదులుతూ తిరిగే మంచుకూ మధ్య ఒక చీలిక తెరుచుకుంటుంది. ఆ నీటి దారిలో తిమింగలాలు పోతుంటే లెక్కపెట్టాలన్నది ఐడియా. 1970ల చివర్లో అమెరికా జాతీయ సముద్ర మత్స్య విభాగం శాస్త్రవేత్తలు ఇదే చేశారు.

తీరపు మంచు అంచున, మంచు పలకలు ఒకదాన్నొకటి గుద్దుకుని పైకి లేచిన చోట, మిట్టలాంటి దిబ్బ ఒకటి ఎంచుకుంటారు. దాని మీద గాలికి అడ్డంగా చిన్న తెర. అందులో ఇద్దరు ముగ్గురు, షిఫ్టుల వారీగా, పగలూ రాత్రీ. మే నెలలో అక్కడ పొద్దు గూకదు కాబట్టి రాత్రి అన్నది గడియారంలోనే. ఒకరు థియోడొలైట్‌లో చూసి, తిమింగలం పైకి వచ్చి ఊపిరి వదిలిన చోటికి కోణం కొలుస్తారు. దిబ్బ ఎత్తు తెలుసు, కిందికి చూసే కోణం తెలిసింది, దూరం వచ్చేస్తుంది. ఇంకొకరు రాస్తారు. ధ్రువపు ఎలుగుబంటి వస్తుందేమోనని తుపాకీతో ఒకరు కాపలా.

బోహెడ్ ఒకసారి మునిగితే చాలాసేపు పైకి రాదు. ఇప్పుడు కనబడింది ఇందాకటిదా, కొత్తదా? ఇందుకు ప్రతి సారికీ 'కొత్తది', 'పాతదే', 'తేల్చలేం' అని మూడు రకాల గుర్తు వేస్తారు. పైగా దిబ్బలు రెండు పెడతారు. మొదటి దిబ్బ దాటిన తిమింగలం కాసేపటికి రెండో దాని ముందుకు వస్తుంది. ఉదాహరణకు రెండో దిబ్బవాళ్లు నిజంగా దాటాయని చెప్పిన వందలో మొదటివాళ్లు ఎనభైనే చూసి ఉంటే, ప్రతి వందకూ ఇరవై జారిపోతున్నాయని అర్థం. ఆ మేరకు లెక్క సవరించుకోవచ్చు. చెరువులో చేపలకు గుర్తు వేసి వదిలి మళ్లీ పట్టే పద్ధతి తెలిసినవాళ్లకు ఈ లాజిక్ వెంటనే తడుతుంది.

పని పద్ధతిగానే ఉంది. 1978 సీజన్ నుంచి వచ్చిన అంచనా 2,264. పాత అంచనా కంటే నయమే కానీ, వేటగాళ్లు వేలు వేలు అంటున్న దానికి దరిదాపుల్లో లేదు.

హ్యారీ బ్రోవర్ చెప్పింది

ఇక్కడ ఇద్దరు మనుషుల గురించి చెప్పాలి. ఒకరు హ్యారీ బ్రోవర్ సీనియర్, పేరున్న వేట కెప్టెన్. తండ్రి చార్లెస్ బ్రోవర్ 19వ శతాబ్దం చివర్లో వ్యాపార వేట కోసం వచ్చి, ఆ మొన దగ్గరి బారో అనే ఊళ్లో స్థిరపడిన అమెరికన్, తల్లి ఇనుపియాట్. హ్యారీ బారో దగ్గర ఉన్న నౌకాదళపు ఆర్కిటిక్ పరిశోధనశాలలో ఏళ్ల తరబడి పనిచేశారు. కాబట్టి శాస్త్రవేత్తలు ఎలా ఆలోచిస్తారో ఆయనకు బాగా తెలుసు. రెండో మనిషి టామ్ ఆల్బర్ట్. వృత్తిరీత్యా పశువైద్యుడు, బోహెడ్ల శరీర నిర్మాణం మీద పరిశోధనకు వచ్చి, తర్వాత అక్కడి స్థానిక ప్రభుత్వంలో శాస్త్రవేత్తగా కుదురుకున్నారు. ఆల్బర్ట్ గొప్పదనమల్లా బ్రోవర్ చెప్పేదాన్ని ఓపిగ్గా, మళ్లీ మళ్లీ, ఏళ్లపాటు వినడమే.

సర్వే పద్ధతి లోపల రెండు ఊహలున్నాయి. ఎవరూ కాగితం మీద రాసుకోని ఊహలు. చీలిక మూసుకుపోయినప్పుడు తిమింగలాలు ఆగిపోతాయి, ఎందుకంటే ఊపిరికి నీళ్లు కావాలి కదా అన్నది ఒకటి. అందుకే చీలిక మూసిన రోజుల్లో శాస్త్రవేత్తలు లెక్క ఆపేసేవారు, ఆ రోజులకు సున్నా వేసుకునేవారు. తిమింగలాలన్నీ ఆ చీలిక వెంటే, అంటే కంటికి అందేంత దూరంలోనే పోతాయన్నది రెండోది.

బ్రోవర్ ఈ రెండూ తప్పన్నారు. తిమింగలాలు మంచు కిందుగా పోతూనే ఉంటాయి. ఊపిరి కావాలంటే తలతో మంచును కిందినుంచి తోసి పగలగొట్టుకుంటాయి. చుట్టుపక్కల ఎక్కడా నీళ్లు కనబడని చోట కూడా వేటగాళ్లు మంచు మీద నిలబడి వాటి ఊపిరి చప్పుడు విన్నారు. ఇక దూరం సంగతి. అవి తీరం పక్కనే పోవు, సముద్రంలోకి ఎంతో దూరం దాకా పరుచుకుని పోతాయి. దిబ్బ మీదున్న మనిషికి కనబడేది మందలో ఒక అంచు మాత్రమే.

చూడండి, ఇందులో 'మా నమ్మకం', 'మా సంస్కృతి' అన్న మాట లేదు. సర్వేలో ఏ గంటలు పోయాయో, ఏ కిలోమీటర్లు పోయాయో చూపిస్తున్నారు. ఇంతకంటే నిక్కచ్చి సర్వే విమర్శ నేను చదవలేదు. ఇలాంటి మాటలు మన సమావేశాల్లోనూ వస్తుంటాయి. 'స్థానికుల అభిప్రాయాలు' అన్న అనుబంధంలో చేరి అక్కడే ఉండిపోతాయి. ఆల్బర్ట్ బృందం వీటిని పరీక్షించదగ్గ ప్రతిపాదనలుగా తీసుకుంది. బ్రోవర్ చెప్పింది నిజమైతే చీలిక మూసుకున్న రోజుల్లో కూడా నీళ్ల కింద చప్పుడు వినబడాలి. చూసి తేల్చుకుందాం అనుకున్నారు.

నీళ్లలో మైకులు

బోహెడ్లు వలస పోతూ మూలుగులాంటి లోతైన శబ్దాలు చేస్తాయి, నీళ్లలో ఇవి చాలా దూరం వినబడతాయి. 1980ల్లో బారో దగ్గర మంచు అంచు వెంట హైడ్రోఫోన్లు, అంటే నీటి మైకులు, వరసగా వేలాడదీశారు. ధ్వని మీద పనిచేసే క్రిస్టఫర్ క్లార్క్ వంటివాళ్లు దీనికి వచ్చారు. నీటిలో ధ్వని సెకనుకు సుమారు కిలోమీటరున్నర పోతుంది. ఒకే మూలుగు ఒక మైకుకు ముందు, ఇంకోదానికి కాస్త ఆలస్యంగా చేరుతుంది. మూడు మైకుల మధ్య ఆ తేడాలు తెలిస్తే తిమింగలం ఎక్కడుందో పటం మీద చుక్క పెట్టొచ్చు.

చుక్కలు బ్రోవర్ చెప్పిన చోటే పడ్డాయి. చీలిక మూసుకుపోయిన రోజుల్లో మంచు కింద తిమింగలాలు పోతూనే ఉన్నాయి. దిబ్బ మీదివాళ్లకు కనబడని దూరంలో కూడా పోతున్నాయి. తలతో మంచు పగలగొట్టడం గురించి చెప్పింది కూడా తర్వాత శాస్త్రవేత్తలే స్వయంగా చూసి రాశారు. సుమారు అర మీటరు మందం ఉన్న మంచును కూడా కిందినుంచి ఎత్తి, గుడిసె కప్పులా లేపి, ఆ పగుళ్ల సందులోంచి ఊపిరి తీసుకుంటాయి. వాటి వీపు మీద రెక్క ఎందుకు లేదో, తల ఒంట్లో మూడో వంతు ఎందుకుందో ఆ దృశ్యం చూస్తే అర్థమవుతుంది.

దీంతో లెక్క కట్టే సూత్రమే మారింది. ఇప్పుడు రెండు సంఖ్యలు కావాలి. దిబ్బ నుంచి నాలుగు కిలోమీటర్ల లోపు దాటినవి ఎన్ని అన్నది మొదటిది. ఇది దిబ్బ మీది చూపు నుంచి వస్తుంది. మొత్తంలో ఆ నాలుగు కిలోమీటర్ల లోపు పోయేవి ఎంత శాతం అన్నది రెండోది. ఇది మైకుల నుంచి, విమాన సర్వేల నుంచి వస్తుంది. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే మొత్తం. ఉదాహరణకు మూడో వంతు తిమింగలాలు నాలుగు కిలోమీటర్ల అవతల పోతున్నాయనుకుంటే, చూసిన రెండు వేలు నిజానికి మూడు వేలు. మామూలు భాగాహారమే. కానీ ఆ హారం ఒకటుందని చెప్పింది వేటగాళ్లు.

1980ల చివరికి అంచనా 7 వేలు దాటింది. 1993 లెక్కలో 8 వేలు దాటింది, 2001లో 10 వేలు, 2011లో దాదాపు 17 వేలు.

ట్రైనింగులో ఈ అంకెలు బోర్డు మీద రాసి, 1978 నుంచి 1988 మధ్య ఏం జరిగిందని అడుగుతాను. తిమింగలాలు బాగా పిల్లల్ని పెట్టాయి సార్ అని ఎవరో ఒకరు అంటారు. ఆడ బోహెడ్‌కు ఈడు రావడానికే పాతికేళ్ల దాకా పడుతుంది. తర్వాత మూడు నాలుగేళ్లకు ఒక్క పిల్ల. పదేళ్లలో మూడింతలయ్యే జంతువు కాదది. దీర్ఘకాలపు పెరుగుదల ఏడాదికి మూడు, మూడున్నర శాతం. అంటే 2,264కూ 7 వేలకూ మధ్య తేడాలో చాలాభాగం కొత్తగా పుట్టిన తిమింగలాలు కావు, 1978లోనూ అక్కడే ఉండి లెక్కలోకి రానివి. ట్రెండు గీత గీసే ముందు మొదటి చుక్క ఏ పద్ధతిలో వచ్చిందో చూడమని నేను పదేపదే చెప్పేది ఇందుకే.

మైకులు ఎవరి డబ్బు

ఈ కేసును చెప్పేటప్పుడు చాలామంది దాటేసే భాగం ఇదే, నాకు మాత్రం ఇదే ముఖ్యం. బ్రోవర్ లాంటి పెద్దలు ప్రపంచంలో ప్రతిచోటా ఉన్నారు. వాళ్లు చెప్పిందాన్ని పరీక్షించడానికి ఖరీదైన యంత్రాలు, విమానాలు, గణాంక నిపుణులు ప్రతిచోటా రారు. బారోకు ఎలా వచ్చారు?

1968లో ప్రుడో బేలో చమురు బయటపడింది. 1972లో ఇనుపియాట్ నాయకులు పట్టుబట్టి నార్త్ స్లోప్ బరో అనే స్థానిక ప్రభుత్వాన్ని ఏర్పాటు చేసుకున్నారు ('బరో' అంటే మన జిల్లా లాంటిది, బారో అందులో ఒక ఊరు). ఎబెన్ హాప్సన్ దాని మొదటి మేయర్. రెండు తెలుగు రాష్ట్రాలు కలిపిన దానికంటే కాస్తే తక్కువ వైశాల్యం, జనాభా మాత్రం ఇప్పటికీ 11 వేల దగ్గరే. చమురు కంపెనీల ఆస్తుల మీద పన్ను వేసే అధికారం వాళ్ల చేతికి వచ్చింది. కాన్‌బెరాలో నిషేధం వచ్చిన ఆ జూన్ నెలలోనే ప్రుడో బే నుంచి పైప్‌లైన్‌లో చమురు పారడం మొదలైంది. ఒక చేత్తో తీసుకుని ఇంకో చేత్తో ఇచ్చినట్టయింది.

ఆ పన్ను డబ్బుతో బరో సొంతంగా శాస్త్రవేత్తల్ని పెట్టుకుంది, వన్యప్రాణి విభాగాన్ని కట్టుకుంది, 1980ల మొదట్లో తిమింగలాల లెక్కను కేంద్ర శాఖ నుంచి తానే తీసుకుంది. టామ్ ఆల్బర్ట్‌కు జీతమిచ్చేది బరోయే. అంటే బ్రోవర్ మాట విన్న శాస్త్రవేత్త బ్రోవర్ ఊరి ఉద్యోగి. బరో తన మనిషిని కాబట్టి తనకు కావాల్సిన అంకె రాయించుకుందనే అనుమానం సహజం. అందుకే డేటా అంతా అంతర్జాతీయ కమిషన్ శాస్త్ర కమిటీ ముందు పెట్టారు. అక్కడ ఏటా ప్రశ్నలు, మళ్లీ లెక్కలు, మళ్లీ ప్రశ్నలు. ఆ నిపుణులు ఒప్పుకున్నాకే కోటా పెరిగింది. పదేళ్లు పట్టింది.

'పరిజ్ఞానాన్ని గౌరవించాలి' అనే విధాన పత్రాల్లో ఈ పద్దు ఎక్కడా కనబడదు. పరీక్షించే ఖర్చు ఎవరిదో రాయని విధానం నా దృష్టిలో ఉత్తుత్తి కాగితం.

వేటగాళ్ల వైపు లెక్క

రెండో అంకె సంగతి మరిచిపోకూడదు. దెబ్బ తిని తప్పించుకుపోయే తిమింగలాల విషయంలో కమిషన్ భయం నూటికి నూరుపాళ్లు సరైనదే. 1970ల్లో జీతాలొచ్చే ఉద్యోగాలు పెరిగి, పడవ, తుపాకీ కొనగలిగే కొత్త జట్లు బాగా పెరిగాయి. అనుభవం తక్కువ, ఆయుధాలు 19వ శతాబ్దపు డిజైన్.

ఇక్కడ కెప్టెన్ల సంఘం తన ఇల్లు తాను చక్కదిద్దుకుంది. కెప్టెన్లు నమోదు చేసుకోవాలి, ప్రతి దెబ్బ సంఘానికి చెప్పాలి, నియమం తప్పితే వేటకు దూరం. 1981లో అమెరికా సముద్ర సంస్థ నోవాతో సహకార ఒప్పందం కుదిరింది, వేటపై రోజువారీ నిర్వహణ సంఘం చేతికి వచ్చింది. ఊళ్ల మధ్య దెబ్బల వాటాలు సంఘమే పంచుతుంది. ఒక ఊరికి మిగిలితే ఇంకో ఊరికి బదిలీ చేసుకోవచ్చు. పాత తుపాకిమందు బాంబుల బదులు నార్వే నిపుణుల సాయంతో, పెంత్రైట్ అనే మరింత శక్తివంతమైన పేలుడు పదార్థం నింపిన గ్రెనేడ్లు తెచ్చారు. కొట్టినవాటిలో ఒడ్డుకు చేరే శాతం సగం కంటే తక్కువ నుంచి మూడు వంతుల పైకి వచ్చింది. 1990ల చివరికి కోటా ఏడాదికి 67 దెబ్బల దాకా పెరిగింది. సంఖ్య పెరగడం ఒక్కటే అయితే ఆ కోటా వచ్చేది కాదని నా నమ్మకం. మా లెక్క నమ్మండి అని అడిగేవాళ్లు తమ వైపు పుస్తకాలు కూడా తెరిచి చూపించారు.

లెక్క సరిగ్గా ఉన్నా

2002 మేలో జపాన్‌లోని షిమొనొసెకిలో కమిషన్ సమావేశం. అప్పటికి సంఖ్య 10 వేల దగ్గర, శాస్త్ర కమిటీకి అభ్యంతరం లేదు. అయినా బోహెడ్ కోటా ఆగిపోయింది. జపాన్ తన తీర గ్రామాలకు మింకీ తిమింగలాల కోటా అడిగితే అమెరికా తదితరులు ఒప్పుకోలేదు. దానికి జవాబుగా జపాన్, దాని మిత్రదేశాలు దీన్ని అడ్డుకున్నాయి. శాస్త్రం ఇందులో ఎక్కడా లేదు. అక్టోబరులో కేంబ్రిడ్జ్‌లో ప్రత్యేక సమావేశం పెట్టి మళ్లీ ఇచ్చారు. ఆ మధ్య నెలల్లో బారోలో ఎంత ఆందోళన ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. చివరికి 2018లో బ్రెజిల్‌లోని ఫ్లోరియనోపొలిస్‌లో, శాస్త్ర షరతులు సరిపోయినంతకాలం కోటా దానంతటదే కొనసాగే ఏర్పాటు చేశారు. సర్వే మనుషులం మంచి అంకె తెచ్చిపెడితే పని అయిపోయిందనుకుంటాం. ఆ అంకె చుట్టూ ఓట్లు ఎలా నడుస్తాయో చూసుకునేవాళ్లు కూడా జట్టులో ఉండాలి.

వయసు ముచ్చట ఒకటి చెప్పకుండా ఉండలేను. బోహెడ్లు మనిషి జీవితాలు రెంటిని దాటి బతుకుతాయని పెద్దలు అనేవారు. వేటాడిన తిమింగలాల ఒంట్లో పాతకాలపు రాతి ఈటెమొనలు దొరికాయి. 2007లో పట్టిన ఒకదానిలో 19వ శతాబ్దం చివరి నాటి ఆయుధపు ముక్క బయటపడింది. కంటి కటకంలోని రసాయన మార్పులను బట్టి వయసు కట్టిన 1999 నాటి పరిశోధనలో ఒక దానికి 200 ఏళ్లు దాటాయని తేలింది. కెప్టెన్ రాయిస్ ఓడ వచ్చేనాటికే ఈదుతున్న ప్రాణి అన్నమాట.

మంచే మారిపోతే

ఈ పద్ధతి కూడా శాశ్వతం కాదు. దిబ్బ మీది లెక్కకు తీరపు మంచు గట్టిగా ఉండాలి. అది ఏటా పలచనవుతోంది. మంచు విరిగి సముద్రంలోకి కొట్టుకుపోతే మనుషులు కూడా పోతారు. 2019 వసంతంలో మంచు మీద నుంచి చేసిన లెక్క 2011 కంటే బాగా తక్కువ వచ్చింది. పరిస్థితులు బాగాలేవు, తిమింగలాలు తీరానికి మామూలుకంటే దూరంగా పోయాయి. అదే ఏడాది విమాన సర్వే 17 వేల దగ్గర అంచనా ఇచ్చింది. రెండో లెక్క పక్కన లేకపోయి ఉంటే మొదటి అంకెతో మళ్లీ 1977 లాంటి గొడవ అయ్యేది. ఆ శరదృతువులోనే, 2016 నుంచి ఉత్‌కియాగ్విక్ అనే తన పాత పేరుతో ఉన్న బారోలో, వేట పడవలకు తిమింగలాలు కనబడక జనం వారాల తరబడి ఎదురుచూశారు. మొదటిది నవంబరు మధ్యలో గానీ దొరకలేదు. ఇలాంటి ఏడాది పెద్దల అనుభవం కూడా ఎంతవరకు దారి చూపుతుందన్నది అక్కడ ఇప్పుడు నడుస్తున్న చర్చ. నాకు దానిమీద గట్టి అభిప్రాయం లేదు.

నల్లమలలో దీన్ని వాడుకునే తీరు

మన దగ్గర 2006 నుంచి పులుల అంచనా కెమెరా ట్రాపులతో, నాలుగేళ్లకోసారి దేశమంతా ఒకే పద్ధతిలో జరుగుతోంది. అడుగుజాడల పాత పద్ధతి కంటే ఎన్నో రెట్లు మెరుగు, అందులో సందేహం లేదు. నల్లమలలో ఆ కెమెరాలు ఏ చెట్టుకు కట్టాలో చూపించేవాళ్లలో చెంచు వాచర్లు ముందుంటారు. ఒక ఎండాకాలం, చక్కగా గ్రిడ్ గీసుకుని వచ్చిన కుర్ర ఆఫీసరుతో ఒక పెద్దాయన అన్న మాట: "సారూ, ఎండలు ముదిరినాక అది ఈ తోవన రాదు. కింద వాగులో చెలమ కాడికి పోతది. మీ డబ్బా ఈడ కడితే కుందేళ్లు పడతయి." ఆఫీసరు మంచివాడు, కెమెరాను చెలమ దగ్గరికి మార్చాడు. అక్కడితో అయిపోయింది. ఆ మాటలో ఇంకో భాగముంది. ఇతర గ్రిడ్లలోనూ ఎండాకాలం దారులు ఇలాగే మారుతుంటే, మన లెక్కలో ఏ ముక్క ఎప్పుడూ ఖాళీగా వస్తోంది? ఈ ప్రశ్న పెద్దాయన్ని అడగాలని ఎవరికీ తట్టలేదు. ఆయనకు ఆ రోజు కూలీ ముట్టింది, ఫారంలో ఆయన మాటకు గడి లేదు.

నేనిప్పుడు డిజైన్ చేసే సర్వేల్లో పని మొదలుకాకముందే పెంటల్లో, అంటే చెంచు గూడేల్లో, కూర్చుని ఒక్కటే అడుగుతాం: మేం ఇలా చేస్తే ఏవి, ఎక్కడ, ఏ నెలలో మాకు కనబడకుండా పోతాయి? 'ఇక్కడ ఏమేం జంతువులున్నాయి' అని అడిగితే జాబితా వస్తుంది. ఇలా అడిగితే సర్వేలో చిల్లులు తెలుస్తాయి. వచ్చిన జవాబుల్లో పరీక్షించదగ్గవి రెండు మూడు ఏరుకుని, వాటికి విడిగా కెమెరాలో, రికార్డర్లో పెడతాం. కొన్నిసార్లు వాళ్లు చెప్పింది తేలదు. తేలలేదని కూడా వెళ్లి వాళ్లకు చెబుతాం, ఎందుకంటే అక్కడ కూర్చుని విని, కారణం చెప్పేది మళ్లీ వాళ్లే.

డబ్బు దగ్గర మాత్రం బారోతో మనకు పోలికే లేదు. 1997 సమత తీర్పులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గనుల లాభాల్లో కనీసం 20 శాతం ఆ ప్రాంత అభివృద్ధికి పక్కన పెట్టాలంది. ఆ ఆలోచన దిశ నార్త్ స్లోప్ పన్నుకు దగ్గరిదే. కానీ ఒక గ్రామసభ తన సొంత నిధితో తన సొంత శాస్త్రవేత్తను పెట్టుకునే స్థితికి మనం రాలేదు. అందుకని ప్రతి ప్రాజెక్టు ప్రతిపాదనలో 'స్థానికులు చెప్పిన విషయాల పరీక్ష' అని విడి పద్దు రాస్తున్నాను, ఖర్చు చేసే సంతకం గ్రామసభదే అని కూడా. పరీక్షకు డబ్బు ఇవ్వడానికి దాతలు సాధారణంగా ఒప్పుకుంటారు, సంతకం దగ్గర ఆగుతారు. ఇటీవల ఒక దాత ఆ వాక్యాన్ని 'గ్రామసభను సంప్రదించి' అని మార్చి పంపారు. దాన్ని మళ్లీ మొదటిలా మార్చి తిప్పి పంపాను. జవాబు ఇంకా రాలేదు.